ఆగ్నేసమ్మ గది

పొద్దుగూకాక ఆ గది ముందునుంచి ఎవరూ నడిచేవాళ్ళు కాదు.

నూజివీడు దాటి ఆగిరిపల్లి వైపు వెళ్తుంటే మామిడితోటల మధ్యలోకి ఒక మట్టిరోడ్డు చీలుతుంది. దాని చివర సిస్టర్ల కాలేజీ. బోర్డు మీద ఇంకేదో పెద్ద పేరుండేది గానీ, బస్సు కండక్టర్లతో సహా అందరూ సిస్టర్ల కాలేజీ అనే అనేవాళ్ళు. ముందు కాలేజీ, పక్కన చర్చి, వెనక ఆడపిల్లల హాస్టలు. హాస్టలు వెనక గోడకి ఒక చిన్న తలుపు. అది దాటితే తోట. కొమ్మలు నేలకి వంగిపోయిన ముసలి బంగినపల్లి చెట్లు, రసాల చెట్లు. ఆ తోట నడిమధ్యలో ఒక పెంకుటిల్లు. ఇల్లంటే ఇల్లు కాదు, ఒకే గది. ముందు చిన్న అరుగు.

ఒకప్పుడు హాస్టల్లో ఏ పిల్లకైనా అంటుజబ్బు చేస్తే అందులో ఉంచేవాళ్ళు. అందుకే జబ్బుగది అనేవాళ్ళు. తర్వాత దానికి తాళం వేశారు. ఆ తాళం తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్తది ఎవరూ వెయ్యలేదు... వెయ్యాలంటే ఎవరో ఒకరు అక్కడిదాకా వెళ్ళాలిగా.

కాయలు దిగే రోజుల్లో అందులో దీపం కనపడేది. డాబా మీద బట్టలు తియ్యడానికి వెళ్ళిన పిల్లలు చూసేవాళ్ళు. చెట్ల మధ్య ఒక తెల్లచీర వంగి వంగి నేలమీద ఏదో వెతుక్కుంటోందని ఒకమ్మాయి చెప్పింది. లోపల ఎవరో మూలిగారని ఇంకొకమ్మాయి. కొత్తగా చేరిన పిల్లలకి మంచం చూపించిన రోజే ఈ సంగతి కూడా చెప్పేసేవాళ్ళు — అటు వెళ్ళకు. వెళ్ళాల్సొస్తే ఆగకు. అక్కడ నిన్నెవరైనా ఏమైనా అడిగితే... బదులు చెప్పకు. చెప్పావంటే నీ వెంట వచ్చేస్తుంది.

వచ్చేదెవరో కూడా చెప్పేవాళ్ళు. అప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాళ్ళు.

ఆగ్నేసమ్మ.

ఆగ్నేసమ్మది జి. కొండూరు దగ్గర ఒక పేట. ఆ పేటలోంచి డిగ్రీ చదువుకి వచ్చిన మొదటి ఆడపిల్ల. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి రిబ్కమ్మ కూలికి పోయేది, నాట్లప్పుడు పొలాల్లోకి, కాయలప్పుడు తోటల్లోకి. పిల్ల చదువుతుందని, చక్కగా పాడుతుందని, వాళ్ళ పేట గుడికి పూజ చెప్పడానికొచ్చే ఫాదరుగారు సిస్టర్లతో మాట్లాడి సీటిప్పించారు. ఆదివారం చర్చిలో ఆ పిల్ల పాటెత్తుకుంటే, క్రైస్తవులు కాని పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరి వినేవాళ్ళట.

రెండో ఏడు పరీక్షల ముందు ఆమెకి విషజ్వరం వచ్చింది. జబ్బుగదిలో పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్ళాడు. తల్లికి కబురు పంపారు. కబురు అందేసరికి సాయంత్రమైపోయింది, ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. ఆవిడ కొంత నడిచి, కొంత లారీ ఎక్కి, మళ్ళీ నడిచి, కాలేజీ గేటు దగ్గరికొచ్చింది. అప్పటికే రాత్రి గంట కొట్టేశారు.

గంట కొట్టాక గేటు తియ్యకూడదు. అది రూలు. అప్పుడు సిస్టర్లందరికీ పెద్దగా ఉన్న మదరు రూలంటే రూలే అనే మనిషి. పొద్దున్నే రమ్మని లోపల్నుంచి చెప్పి పంపింది. రిబ్కమ్మ గేటు ఊచలు పట్టుకుని పిలిచింది. కాసేపటికి పిలవడం మానేసి అక్కడే కూలబడింది. తెల్లవారుజామున ప్రార్థన గంటతో గేటు తెరిచారు.

ఆవిడ లోపలికి వెళ్ళేసరికి పిల్ల లేదు.

మదరు ఆ తర్వాత వేరే ఊరికి వెళ్ళిపోయింది. పిల్లలు మారిపోయారు. ఆగ్నేసమ్మని చూసినవాళ్ళు హాస్టల్లో ఒక్కరూ మిగల్లేదు. కథ మిగిలింది.

ఈ కథ నమ్మనివాళ్ళల్లో హైమవతి ఒకతె. నమ్మనని పైకి అనేది, అంతే. మైలవరంలో కిరాణా కొట్టు లక్ష్మీనరసింహారావు గారి పెద్దమ్మాయి. ఆడపిల్ల సిస్టర్ల దగ్గరుంటే పద్ధతిగా ఉంటుందని ఆయన హాస్టల్లో వేశాడు. పద్ధతి నేర్చుకుందో లేదో గానీ, హైమవతి మాట్లాడటం నేర్చుకుంది. అక్కడ క్రైస్తవ పిల్లలకి జ్ఞానోపదేశం, మిగతావాళ్ళకి మోరల్ సైన్స్ క్లాసు ఉండేవి. సత్యం, సేవ, క్షమ... వీటిమీద ఉపన్యాసపోటీలు పెట్టేవాళ్ళు. సేవ గురించి ఆమె మాట్లాడితే సిస్టర్లు కళ్ళు తుడుచుకున్నారు. మొదటి బహుమతి ఇచ్చారు. బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసు చూసి వాళ్ళ నాయనమ్మ మురిసిపోయింది.

అది ఎనభైల్లో ఒక వేసవి. హైమవతికి బీయస్సీ ఆఖరి పరీక్షలు. సాయంత్రం గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. డాబామీద రేకులు ఎగిరిపడ్డాయి. తోటలో కాయలు రాలుతున్న చప్పుడు హాస్టల్లోకి వినపడుతోంది. ఎవరో చీకట్లో రాళ్ళు విసురుతున్నట్టు... దబ్... దబ్...

పక్క మంచం మీద శారద పడుకుని ఉంది. పొద్దుట్నుంచీ ఒళ్ళు కాలుతున్నా ఎవరికీ చెప్పొద్దంది. చెప్తే పరీక్షకి పంపరని భయం. చీకటిపడే వేళకి ఆమె హైమవతిని గుర్తుపట్టడం మానేసింది. గోడ వైపు చూసి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టింది.

హైమవతి పరిగెత్తుకెళ్ళి వార్డెన్‌కి చెప్పింది. వార్డెన్ సిస్టర్ పెద్దావిడ, మోకాళ్ళ నొప్పులతో మెట్లు కూడా పట్టుకుని దిగే మనిషి. వచ్చి శారద నుదుటిమీద చెయ్యి పెట్టింది. తీసేసింది. వాచ్‌మన్ రాయప్పని సైకిలు మీద నూజివీడు పంపింది, డాక్టరు కోసం. కానీ దారినిండా కొమ్మలు విరిగిపడి ఉన్నాయి. అతను ఎప్పుడొస్తాడో తెలీదు.

"డిస్పెన్సరీలో సిస్టర్ బెనిగ్న ఉంది. ఇంజెక్షన్ చెయ్యగలదు," అంది వార్డెన్, తడిగుడ్డ పిండుతూ. "ఎవరైనా వెళ్ళి తీసుకురండమ్మా."

డిస్పెన్సరీ తోటకి అవతలి చివర, ఊరి వైపు ఉంది. రోడ్డు మీదుగా వెళ్తే చుట్టు. తోటలోంచి వెళ్తే దగ్గర. తోటలోంచి వెళ్ళడమంటే...

లాంతరు చుట్టూ నిలబడ్డ పిల్లలంతా నేలచూపులు చూస్తున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తలెత్తి హైమవతి వైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనక్కర్లేదు. బహుమతి తీసుకున్నది ఆమే.

"నేను వెళ్తాను సిస్టర్," అంది హైమవతి. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది.

తోడుగా వరలక్ష్మి అనే జూనియర్ అమ్మాయి బయల్దేరింది. వెనకగోడ తలుపు దాకా హైమవతి చెయ్యి వదలకుండా వచ్చింది. తలుపు గడియ తీశాక తోటలోకి చూసి ఆగిపోయింది.

"అక్కా... నేను ఇక్కడే నిలబడతా. నువ్వు కేకేస్తే వస్తా."

హైమవతి ఆమెని ఏమీ అనలేదు. తనకీ అక్కడే నిలబడాలని ఉంది.

టార్చిలైటులో బ్యాటరీలు అయిపోవచ్చాయి. వెలుతురు పసుపుపచ్చగా పాదాల ముందే పడుతోంది. గాలి తగ్గింది గానీ చెట్లు ఇంకా ఊగుతున్నాయి. పచ్చి కాయల వాసన, జీడి వాసన. ఎక్కడో వెనక దబ్‌మని ఒక కాయ రాలింది. ఆమె ఉలిక్కిపడి, కాయేనని తనకి తనే చెప్పుకుని, నడిచింది. ఇంకొకటి ముందు రాలింది. ఇంకొకటి పక్కనే...

శారద ఒళ్ళు కాలిపోతుండటం గుర్తు తెచ్చుకుంది. అడుగు వేగం పెంచింది.

చెట్ల మధ్యనుంచి గది కనపడింది. దీపం లేదు. తెల్లచీర లేదు. అరుగు, తెరిచి ఉన్న తలుపు, లోపల చీకటి. అంతే.

చూడకూడదనుకుంది. చూస్తూనే నడిచింది. అరుగుకి ఎదురుగా వచ్చింది. దాటేసింది...

"అమ్మొచ్చిందా?"

చిన్న గొంతు. నీరసంగా ఉంది. నిద్రలో కదిలి, పక్కనున్నవాళ్ళని అడిగినట్టు ఉంది.

హైమవతి కాళ్ళు ఆగిపోయాయి. ఆగకూడదని తెలుసు. ఆగ్నేసమ్మ అడుగుతుందని హాస్టల్లో చెప్పుకునేవాళ్ళే గానీ, ఏమడుగుతుందో ఎవరూ చెప్పలేదు. విన్నవాళ్ళు లేరు కాబట్టి. ఇదేదో తన భ్రమ అనుకోబోయింది...

"అమ్మొచ్చిందా?"

ఈసారి ఆమె పరిగెత్తింది. కాలికింద రాలిన కాయ దొర్లింది. బోర్లాపడింది. టార్చిలైటు ఎక్కడో రాయికి కొట్టుకుని ఆరిపోయింది. వెనక గదిలో ఏదో కదిలింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు. చిన్న వెలుతురు. ఆ వెలుతురు గుమ్మం దాటి అరుగుమీదికొచ్చింది, అరుగు దిగింది, ఆమె వైపు నడిచొచ్చింది.

తెల్లచీర.

"లెగండి పాపగారూ... దెబ్బ తగిలిందా? భయపడబాకండి. నేను మనిషినే."

ఒక ముసలావిడ. చేతిలో కిరసనాయిలు బుడ్డి. తలంతా నెరిసిపోయింది. చీర తెల్లదే గానీ మామిడి జీడి మరకలతో నల్లబడి ఉంది. హైమవతికి చెయ్యందించి లేపింది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. మనిషి చెయ్యే.

"ఎవరు మీరు?"

"తోట కాపలాదాన్ని. గాలికి కాయంతా రాలింది గదా, ఇందాకటిదాకా ఏరి పోగుపెట్టి వచ్చి పడుకున్నా." కొంగు దులుపుకుంది. "నా పేరు రిబ్కమ్మ."

హైమవతికి ఆ పేరు తెలుసు. హాస్టల్లో అందరికీ తెలుసు. కథలో గేటు బయట కూచునే తల్లి పేరు అది. ఆ తల్లి ఇంకా బతికే ఉంటుందని ఎప్పుడూ ఎవరికీ తోచలేదు.

దీపం ఈవిడదే. వంగి వంగి కాయలేరుకునే తెల్లచీర ఈవిడే. ఇన్నేళ్ళుగా ఎవర్ని చూసి పిల్లలు ముసుగులు తన్నిపడుకున్నారో ఆ దెయ్యం... ఇదిగో, తన మోచేతికంటిన మట్టి కొంగుతో తుడుస్తోంది. హైమవతికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"తోట ఎవరు గుత్తకి తీసుకున్నా వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి నేనే కాపలాకి వస్తా. కాలేజీలో రాయప్పకి తెలుసు, ఇంకెవరికీ తెలీదు. కాయ దిగినన్నాళ్ళూ రాత్రిళ్ళు ఈ గదిలోనే పడుకుంటా. నా బిడ్డ ఇందులోనే..." అని ఆగిపోయింది. "ఇంత చీకట్లో ఏడకమ్మా పోతున్నారు?"

"డిస్పెన్సరీకి. మా ఫ్రెండుకి జ్వరం. మాట తెలీట్లేదు." హైమవతి చెప్పులు వెతుక్కుంది. "మీరే గనక అలా అడగకపోతే నేను పడేదాన్నే కాదు."

"నేనేం అడిగా?"

"అమ్మొచ్చిందా అని..."

రిబ్కమ్మ బుడ్డి కాస్త పైకెత్తింది. ఆ వెలుతురులో ఆవిడ ముఖం మీద నీడలు ఊగాయి.

"నేను ఏం అడగలేదు పాపగారూ. నేను నిద్రలో ఉన్నా. మీరు పడిన చప్పుడుకే లేచా."

ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. లోపల చీకటి. ఎక్కడో ఒక కాయ రాలింది.

హైమవతి వెనక్కి ఒక అడుగు వేసింది. రిబ్కమ్మ మాత్రం భయపడలేదు. దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"గొంతు ఎట్టా ఉంది?"

"ఏంటి?"

"నీరసంగా ఉందా? జ్వరం ఇంకా ఉన్నట్టుందా?"

హైమవతి దాచలేదు. నిజమే చెప్పింది. "కొంచెం నీరసంగానే ఉందండీ. నిద్రమత్తులో ఉన్నట్టు."

రిబ్కమ్మ తలూపింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ ఆవిడ వాటిని పట్టించుకోలేదు. ఆస్పత్రి వరండాలో నర్సు చెప్పేది శ్రద్ధగా వినే మనిషిలా నిలబడింది.

"కాలేజీ పిల్లలు అంటారని రాయప్ప చెప్పాడు, నా బిడ్డ ఇక్కడే తిరుగుద్దని, మూలుగుద్దని. అది విన్నాక మా పేటలో ఉండలేకపోయా. వచ్చా. ఎన్ని రాత్రిళ్ళు కూచున్నానో. నాకు ఒక్కసారన్నా వినపళ్ళేదు. పిచ్చిదాన్ని, ఇదంతా పిల్లలు అల్లుకున్న కథేలే అనుకున్నా... ఐనా పోలేకపోయా."

"నేను వెళ్ళాలండీ. మా ఫ్రెండు..."

"పోదురుగాని తల్లీ. ఆ పిల్లకేం కాకూడదు. ఒక్క మాట చెప్పి పోండి." ఆవిడ రెండు చేతులూ జోడించింది. "ఆ రాత్రి గేటు కాడ గొంతు పోయేదాకా పిలిచా. నా మాట దానికి వినపళ్ళా. ఇప్పుడు దాని మాట నాకు వినపడదు. మధ్యలో ఎవరో ఒకరు చెప్పాలి గదా. అది మిమ్మల్ని అడిగింది. మీరు చెప్పండి. వచ్చిందని చెప్పండి."

బదులు చెప్పకూడదు... బదులు చెప్తే వెంట వచ్చేస్తుంది... కొత్త పిల్లలకి హైమవతి కూడా నవ్వుతూ ఈ మాట చెప్పింది.

అవతల శారద. ఇక్కడ ఈ ముసలావిడ. మధ్యలో తెరిచి ఉన్న గుమ్మం.

హైమవతి అరుగెక్కింది. ద్వారబంధం పట్టుకుంది. లోపల మందుల వాసన, మూసేసిన గది వాసన ఏదీ లేదు. మాగిన కాయల వాసన మాత్రం ఉంది. గోడవారగా ఒక ఇనప మంచం, దానిమీద పరుపు లేదు. మంచం పక్కన నేలమీద రిబ్కమ్మ పరుచుకున్న గోనెపట్టా.

మంచం వైపు తిరిగింది.

"వచ్చింది," అంది చీకట్లోకి. "ఆగ్నేసూ... మీ అమ్మ వచ్చింది. ఆ రాత్రే వచ్చింది. గేటు తియ్యలేదు, అందుకని... ఇదిగో, ఇక్కడే ఉంది."

ఏమీ జరగలేదు. బదులు రాలేదు. గాలి కూడా కదల్లేదు. హైమవతి ఊపిరి బిగబట్టి వింది... ఏమీ లేదు.

వెనక్కి తిరిగి, ఏమీ వినపళ్ళేదని చెప్దామనుకుంది.

రిబ్కమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తల ఒకవైపు వంచింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆవిడ హైమవతిని చూడటం లేదు. హైమవతి భుజం మీదుగా, మంచం వైపు చూస్తోంది.

"ఆఁ..." అంది మెల్లగా. "ఆఁ, వచ్చానమ్మా. ఇక్కడే ఉన్నా."

హైమవతికి ఒళ్ళంతా జలదరించింది. ఆవిడ పక్కనుంచి తప్పుకుని, అరుగు దిగి, చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తింది. వెనకనుంచి ఆ గొంతు వినపడుతూనే ఉంది, ఒక్క గొంతే. ఏదో చెప్పడం, ఆగడం, వినడం, మళ్ళీ చెప్పడం...

సిస్టర్ బెనిగ్న తలుపు తీసేసరికి హైమవతి గుమ్మంలోనే కూలబడి ఉంది. సిస్టర్ బెనిగ్న కేరళావిడ, సన్నగా పొడుగ్గా ఉండేది. ఊరి పురుళ్ళన్నీ ఆవిడ చేతిమీదే. తెలుగు స్పష్టంగా మాట్లాడేది గానీ అందులో ఏదో తెలియని రాగం ఉండేది. జ్వరం సంగతి వినగానే ప్రశ్నలేవీ వెయ్యకుండా సంచి సర్దుకుంది, లాంతరు అందుకుంది.

"తోటలోంచే కదా వచ్చావు? పద."

ఆవిడ ముందు, హైమవతి వెనక. గది దగ్గరికొచ్చేసరికి లోపల దీపం వెలుగుతోంది. మాటలు వినపడుతున్నాయి. సిస్టర్ బెనిగ్న ఆగలేదు గానీ నడక తగ్గించింది.

"ఎవరది?"

హైమవతి చెప్పింది. గబగబా, ముందుమాట వెనక, వెనకమాట ముందు చెప్పింది. రిబ్కమ్మ సంగతి, తను పడటం, గొంతు వినపడటం.

సిస్టర్ బెనిగ్న చేతిలో లాంతరు ఆగింది.

"ఏమని అడిగింది?"

"అమ్మొచ్చిందా అని, సిస్టర్."

సిస్టర్ మళ్ళీ నడక సాగించింది. ఇద్దరూ వెనకగోడ తలుపు దగ్గరికి వచ్చేశారు. అక్కడ వరలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడి ఉంది. తలుపు మీద చెయ్యి వేసి, తిరిగి చూడకుండా, సిస్టర్ బెనిగ్న అంది.

"ఆ రాత్రి ఆ అమ్మాయి దగ్గర ఉన్నది నేనే. రాత్రంతా అదే అడిగింది. రేపొస్తుంది, పడుకో అని చెప్పాను. తల్లి గేటు దగ్గరుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. "ఆ అమ్మాయి అడిగిన మాట ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు హైమవతీ."

లోపలికి వెళ్ళిపోయింది.

శారదకి ఇంజెక్షన్ చేసింది. తలమీద తడిగుడ్డలు మారుస్తూ మంచం పక్కనే కూచుంది. డాక్టరు ఎప్పటికో వచ్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు. శారద ఆ ఏడు పరీక్షలు పోగొట్టుకుంది గానీ మనిషి దక్కింది. తర్వాత పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, హైమవతిని జీవితాంతం విడవలేదు. గేటు రూలు కూడా మారింది. అమ్మానాన్నలు ఏ వేళప్పుడొచ్చినా గేటు తియ్యాలని సిస్టర్ బెనిగ్న పెద్ద సిస్టర్ల దగ్గర పోట్లాడి మార్పించిందని చెప్పుకుంటారు. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ తెల్లవారుజామున శారద ఒళ్ళు చల్లబడి, నిద్రలోకి జారుకుంది. సిస్టర్ బెనిగ్న చేతులు కడుక్కుని, హైమవతి భుజం తట్టింది.

"నాతో వస్తావా? ఒక్కదాన్నే వెళ్ళలేను."

ఎక్కడికని హైమవతి అడగలేదు.

తూరుపు ఇంకా ఎరుపెక్కలేదు. తోటంతా బూడిదరంగులో ఉంది. నేలంతా రాలిన కాయలు. పక్షులు లేస్తున్నాయి. సిస్టర్ బెనిగ్న దారిపొడుగునా పెదాలు కదుపుతూ నడిచింది. ప్రార్థన అనుకుంది హైమవతి. కాదు. దగ్గరికొచ్చాక వినపడింది. ఆవిడ ఒకే మాటని మార్చి మార్చి చెప్పుకుంటోంది. క్షమించమ్మా... నన్ను క్షమించండమ్మా... ఇన్నేళ్ళ తర్వాత ఆ తల్లి ముందు ఏ మాటతో నిలబడాలో తేల్చుకోలేకపోతోంది.

గది తలుపు తెరిచే ఉంది. దీపం ఆరిపోయింది. లోపలికి వెలుతురు ఇప్పుడిప్పుడే వస్తోంది.

రిబ్కమ్మ నేలమీద లేదు. పరుపు లేని ఆ ఇనప మంచం మీద, ఓ చివర కూచుని ఉంది. రాత్రంతా అలాగే కూచున్నట్టుంది. వీపు గోడకి ఆనించింది. ఒడిలో కొంగు సర్ది పరిచింది. ఒక చెయ్యి ఆ ఒడి పైన, గాల్లో, మెల్లగా జోకొడుతోంది.

సిస్టర్ బెనిగ్న గుమ్మం దగ్గర మోకాళ్ళమీద కూచుంది. "అమ్మా..." అనబోయింది.

రిబ్కమ్మ తలెత్తింది. ముఖంలో కోపం లేదు. అలసట ఉంది, బిడ్డ పక్కన రాత్రంతా మేలుకున్న ఏ తల్లి ముఖంలోనైనా ఉండే అలసట. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నెమ్మది సిస్టరుగారూ," అని గుసగుసగా అంది. "ఇప్పుడే నిద్రపట్టింది."